హేమంతంలో ఇల్లు

ఉద్దేశం

ఋతువు మారినప్పుడు మనిషి కట్టు మారుతుంది, ఆహారం మారుతుంది. ఇంటి సంరక్షణ కూడా దానికి తగినట్లు మారవలసి ఉన్నది. చలికాలంలో తెలుగువారు ఇంటిని కాపాడుకున్న తీరును, ఆ తీరు వెనుకనున్న కారణాలను, మారిన ఇళ్ళలో నేడు మనం పాటించవలసిన జాగ్రత్తలను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

మన పంచాంగంలో సంవత్సరానికి ఆరు ఋతువులు. మార్గశిర, పుష్య మాసాలు హేమంతర్తువు. మాఘ, ఫాల్గుణ మాసాలు శిశిరర్తువు. ఈ నాలుగు నెలలలో మొదటి మూడింటిని మనం వాడుకలో చలికాలం అంటున్నాము. కవులు ఈ ఋతువుల మంచును, పైరును, విరహాన్ని వర్ణించారు. ఈ పాఠంలో వాటికి బదులుగా ఆ మంచు రాలే కప్పునూ, ఆ చలి సోకే గోడనూ, ఆ గోడల నడుమ నిద్రించే మనిషినీ పరిశీలిస్తాము.

పాఠ్యభాగం

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నది సామెత. ఇల్లు కట్టడంలోని కష్టాన్ని చెప్పిన ఈ సామెత, కట్టిన ఇంటిని నిలుపుకోవడంలోని కష్టాన్ని మాత్రం చెప్పలేదు. కట్టడం ఒకటి రెండేళ్ళ పని. కాపాడుకోవడం జీవితకాలపు పని. వాన ఇంటిని నానబెడుతుంది. ఎండ బీటలు వారజేస్తుంది. ఆ రెండింటితో పోలిస్తే మన ప్రాంతపు చలి ఇంటికి చేసే హాని స్వల్పమే. అయితే చలికి భయపడి మనం ఇంటికి చేసే హాని, ఆ ఇంటి ద్వారా మనకు మనం చేసుకునే హాని అంత స్వల్పమైనది కాదు. చలికాలపు గృహసంరక్షణ గురించి తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఇదే.

తెలుగు నేల అంతటా చలి ఒకే తీరుగా ఉండదు. సముద్ర తీరంలో అది ఉదయపు మంచుగా పలకరించి, పొద్దెక్కేసరికి సెలవు తీసుకుంటుంది. ఆదిలాబాదు ప్రాంతంలో డిసెంబరు, జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత తరచుగా 10 డిగ్రీల సెల్సియస్ కంటె దిగువకు పడిపోతుంది. తూర్పు కనుమలలో చింతపల్లికి సమీపాన గల లంబసింగిలో కొన్ని వేకువలలో అది సున్నాకు దరిదాపులకు చేరుతుంది. అయినా పల్లెప్రజలు చలిని కొలిచినది ఉష్ణమాపకంతో కాదు, పొద్దుతో. మార్గశిరంలో మాట్లాడుకునేంత పొద్దు కూడా ఉండదన్నారు. శివరాత్రికి చలి “శివశివా” అంటూ వెళ్ళిపోతుందన్నారు. ఈ రెండు మాటల మధ్యనే చలికాలపు పనులన్నీ ముగియాలి.

ఆ పనులలో మొదటిది కప్పును పరిశీలించడం. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగిన తరువాత ఈశాన్య ఋతుపవనాలు కోస్తాను, రాయలసీమ దక్షిణ భాగాన్ని తడుపుతాయి. కార్తీక, మార్గశిరాలలో కూడా తుపానులు వస్తాయి. 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినది డిసెంబరు 5న. కనుక తీరప్రాంతంలో ఇంటి యజమాని కప్పువైపు నిశ్చింతగా చూడగలిగేది డిసెంబరు నడిమికి గాని కాదు. పెంకుటిల్లయితే జారిన పెంకు ఏదో, పగిలిన పెంకు ఏదో వాన మరకను బట్టి తెలుస్తుంది. కప్పును కొత్తగా నేసే పని వేసవికి వాయిదా పడినా, ఎక్కడెక్కడ కారినదో గుర్తు పెట్టుకోవలసినది ఇప్పుడే. వేసవి దాకా ఆగితే మరక చెరిగిపోతుంది, మరపు కమ్ముకుంటుంది. దూలాలకు, వాసాలకు చెదలు పట్టినదేమో తట్టి చూడవలసినది కూడా ఇప్పుడే. డాబా ఇల్లయితే పిట్టగోడ మొదట్లోని బీటలను, ఆకులు పేరుకొనిపోయిన తూములను చూడాలి. వానలో కనిపించిన బీటను ఎండిన తరువాతనే పూడ్చగలము. తడి గోడపై వేసిన పూత నిలువదు.

గోడల విషయంలో మన పెద్దలు సున్నాన్ని నమ్ముకున్నారు. సంక్రాంతికి ముందు ఇంటికి వెల్ల వేయడం ఊరూరా ఉన్న ఆచారం. ఇది కేవలం పండుగ శోభ కోసం పుట్టినది కాదు. కాల్చిన సున్నపురాయిపై నీరు పోసినప్పుడు అది పొగలు కక్కుతూ ఉడుకుతుంది; తరువాత మెత్తని ముద్దగా మారుతుంది. ఆ ముద్దను పలుచన చేసి గోడకు పూసినప్పుడు, అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగా గ్రహించి తిరిగి సున్నపురాయిగా గట్టిపడుతుంది. ఈ మార్పుకు కొంత తేమ కావాలి. మండుటెండలో పూత ముందే ఎండిపోయి పొడిగా రాలుతుంది. చలికాలపు మందమైన ఎండలో అది నిదానంగా ఆరుతూ గోడను పట్టుకుంటుంది. పైగా సున్నానికి క్షారగుణం ఉన్నందువల్ల బూజును ఎదగనీయదు. సున్నపు పూతలో నుండి గోడలోని చెమ్మ బయటికి పోగలదు. నేడు మనం వాడుతున్న ప్లాస్టిక్ రంగులు చెమ్మను లోపలే బంధిస్తాయి. వానాకాలపు తడి ఆరకముందే ఆ రంగు వేసిన గోడలపై పొక్కులు లేవడానికి కారణమదే. అయితే ఉడికే సున్నం కంటిలో పడితే చూపుకే ప్రమాదం. పూర్వం సున్నం గుంటల దగ్గరకు పిల్లలను రానిచ్చేవారు కాదు.

గోడ తరువాత నేల. ధనుర్మాసంలో, అనగా డిసెంబరు మధ్య నుండి జనవరి మధ్య వరకు, సూర్యోదయానికి ముందే వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు చల్లి, ముగ్గు వేయడం తెలుగు ఇళ్ళ నిత్యకృత్యం. కోస్తాలో దీనిని కళ్ళాపి అన్నారు. తెలంగాణలో సాన్పు అన్నారు. మట్టి నేలపై చల్లిన ఆ పలుచని పూత ఆరి, లేచే దుమ్మును అణచి ఉంచుతుంది. వరిపిండితో వేసిన ముగ్గు చీమలకు ఆహారమయింది. ముగ్గు నడుమ నిలిపిన గొబ్బెమ్మలు మరునాటికి గోడమీద పిడకలయ్యాయి. ఆ పిడకలు భోగినాడు మంటలోకి చేరాయి. పనికిరానిదంటూ లేని ఒక ఏర్పాటు అది.

నేలమీది పనికి నింగిలోని సూర్యుడే గడియారం. దక్షిణాయనంలో సూర్యుడు దక్షిణంగా వాలి నడుస్తాడు. డిసెంబరు 22 నాటికి హైదరాబాదులో పగటి నిడివి సుమారు 11 గంటలే. జూన్ మూడవ వారంలో అది 13 గంటలు దాటుతుంది. మే నెల మధ్యాహ్నం నడినెత్తిన నిలిచే సూర్యుడు, డిసెంబరు మధ్యాహ్నం దక్షిణపు ఆకాశంలో సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే కనిపిస్తాడు. అందువల్ల వేసవిలో చూరు నీడ ఆపివేసే ఎండ, చలికాలంలో చూరు కింద నుండి ఏటవాలుగా ఇంటిలోకి ప్రవేశిస్తుంది. దక్షిణపు కిటికీని పగటిపూట తెరిచి ఉంచి, ఎండ పడిన గదిని సాయంత్రం చలిగాలి మొదలయ్యే ముందు మూసుకుంటే, నేల, గోడలు గ్రహించిన వేడి కొంత రాత్రికి మిగులుతుంది. ఇందుకు పైసా ఖర్చు లేదు. కోస్తాలోని మండువా లోగిళ్ళలో నడిమి వాకిలి ఈ పనినే చేసేది. ఎండ ఇంటి నడిబొడ్డునకు దిగివచ్చేది. వృద్ధులు ఆ ఎండతోపాటు ఒక పంచ నుండి మరొక పంచకు జరుగుతూ కూర్చునేవారు.

ఆ ఎండలోనే పరుపులు, దుప్పట్లు, బొంతలు ఆరవేయాలి. బొంత అంటే పాత చీరలను పొరలుగా పేర్చి కుట్టినది. పొరల నడుమ నిలిచిన గాలియే ఆ వెచ్చదనానికి మూలం. చెమ్మగిలిన బొంత వెచ్చదనాన్ని కోల్పోతుంది. కొత్త పంట ఇంటికి వచ్చేది కూడా ఈ రోజులలోనే. ధాన్యంలో తేమ 14 శాతానికి మించకుండా ఎండబెట్టి, గాదెను శుభ్రం చేసి, అడుగున వేపాకు పరిచి నింపేవారు. చలికి, తిండికి ఎలుకలు ఇంటిలోకి చేరే కాలమిది. గోడ మొదట్లోని కన్నాలను మట్టితోనో, సిమెంటుతోనో పూడ్చడం ధాన్యపు రక్షణలో సగం పని.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంటిని కాపాడే పనులు. ఇక చెప్పవలసినది ఆ ఇంటిలోని మనుషులను కాపాడే పని. అది నిప్పుకు, గాలికి సంబంధించినది.

చలికి నిప్పు విరుగుడు. దాలిగుంటలో పిడకల నిప్పు పగలంతా పాలను కాచేది. పెరటిలో కాగు కింద పొయ్యి స్నానాల నీటిని కాచేది. బాలింత గదిలో తల్లీబిడ్డలకు వెచ్చదనం కోసం కుంపటి పెట్టేవారు. కొండ ప్రాంతపు ఇళ్ళలో పొయ్యి ఇంటి మధ్యనే ఉండేది. దాని పైనున్న అటకమీద మొక్కజొన్న కంకులు పొగకు ఆరేవి; ఆ పొగకే వాసాలు నల్లబడి పురుగు బారి నుండి తప్పించుకునేవి. ఇంత నిప్పు నడుమ ఆ ఇళ్ళలో మనుషులు నిద్రించగలగడానికి ఒక కారణం ఉన్నది. ఆ ఇళ్ళు గాలిని ఆపగలిగినవి కావు. పెంకుల సందులు, గోడకూ కప్పుకూ నడుమనున్న ఎడము, తలుపుల నెరియలు, పొగగూడు, వీటన్నిటి నుండి గాలి వస్తూ పోతూ ఉండేది. అయినా ఆ పొగ ఆ ఇళ్ళ స్త్రీల కళ్ళకు, ఊపిరితిత్తులకు చేసిన కీడు తక్కువది కాదు. పాతదంతా మంచిదని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. పాత ఇంటికి గల ఒక గుణం కొత్త ఇంటికి లేదని గుర్తించడం అవసరం.

నేను డిగ్రీ చదువుతున్న రోజులలో ఉత్తర తెలంగాణలోని ఒక పట్టణంలో, ఒక ముసలమ్మ పెరటిలో కొత్తగా కట్టిన సిమెంటు గదిని ముగ్గురం అద్దెకు తీసుకున్నాము. ఆమె పక్కనే తన పాత పెంకుటింటిలో ఉండేది. పుష్యమాసపు చలి. ఒకనాడు నేను ఊరికి వెళ్ళిన రాత్రి, నా మిత్రులిద్దరూ ఇనుప బొచ్చెలో బొగ్గుల నిప్పు పెట్టుకొని, తలుపు బిగించి, పైనున్న చిన్న గాలిసందులో పాత వార్తాపత్రికలు కుక్కి నిద్రపోయారు. తెల్లవారి నీళ్ళకు ఎవరూ రాకపోవడం చూసి అవ్వ తలుపు తట్టింది. పలుకు లేదు. ఇరుగుపొరుగువారు తలుపు విరిచి ఇద్దరినీ వాకిటిలోకి ఈడ్చుకొని వచ్చారు. ఒకడు మధ్యాహ్నానికి కన్ను తెరిచాడు. రెండవవాడు రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. గదిలో పొగ లేదు, వాసన లేదు, పెనుగులాడిన గుర్తు లేదు. నేను తిరిగి వచ్చిన నాడు అవ్వ అన్న మాటలు నేటికీ నాకు జ్ఞాపకమే.

“మేము గూడ కుంపటి పెట్టుకోనే పెరిగినం బిడ్డా. మా పెంకుటింటికి నూరు కండ్లున్నయి. ఈ అర్రకున్నది ఒక్క కన్ను. దాన్ని గూడ మూసుకుంటిరి.”

బొగ్గులు చాలినంత గాలి లేక మండినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువు కంటె రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. అందువల్ల శ్వాస ఆడుతున్నా శరీరానికి ప్రాణవాయువు అందదు. మొదట తలనొప్పి, తరువాత వికారం, కళ్ళు తిరగడం, మగత. మెలకువగా ఉన్నవాడు ఈ గుర్తులను చూసి బయటికి రాగలడు. నిద్రలో ఉన్నవానికి ఆ అవకాశం లేదు. నిద్ర నుండి నేరుగా మరణంలోకి జారిపోతాడు. కనుక నిప్పులున్న గదిలో నిద్రించరాదు. పడుకునే ముందు కుంపటిని గడప దాటించి బయట పెట్టాలి. ఎవరైనా ఇటువంటి స్థితిలో కనిపిస్తే తలుపులు, కిటికీలు తెరిచి, వెంటనే వారిని బయటి గాలిలోకి చేర్చి, 108 వాహనాన్ని పిలవాలి.

అవ్వ ఇంటి సందును కన్ను అన్నది. ఆమె చదువుకున్నది కాదు. కాని సంస్కృతంలో కిటికీకి గల పేర్లలో ఒకటి గవాక్షం. అనగా గోవు కన్ను. మరొక పేరు వాతాయనం. అనగా గాలి నడిచే దారి. కాళిదాసు ‘ఋతుసంహారం’ ఐదవ సర్గలో శిశిరాన్ని వర్ణిస్తూ, ఆ ఋతువులో జనులు కోరుకునే వాటిలో వాతాయనాలు మూసిన ఇంటి లోపలి భాగాన్నీ, నిప్పునూ, ఎండనూ, మందపు వస్త్రాలనూ పేర్కొన్నాడు. కోరిక సహజమైనదే. అయితే నేటి ఇరుకు గదిలో ఆ మొదటి రెండూ కలిస్తే ప్రాణాపాయం. దక్షిణాయనం సూర్యుని దారి. వాతాయనం గాలి దారి. చలికాలంలో ఇంటిని కాపాడుకోవడమంటే మొదటి దారిని ఇంటిలోకి మళ్ళించుకోవడం, రెండవ దారిని ఎన్నడూ పూర్తిగా మూయకపోవడం. చలిని ఆపవచ్చు, గాలిని ఆపరాదు.

నేటి ఇళ్ళలో కుంపటి అరుదు. దాని స్థానంలో కొత్త పరికరాలు వచ్చాయి. ప్రమాదం మాత్రం పాతదే. కిటికీ లేని స్నానాలగదిలో బిగించిన గ్యాస్ గీజరు కూడా గాలి చాలనప్పుడు అదే వాయువును పుట్టిస్తుంది. దానిని గది వెలుపల బిగించడం మేలు. లోపలే ఉన్నట్లయితే గాలి వచ్చిపోయే మార్గం తప్పనిసరి. బకెట్టులో వేడినీటి కోసం వేసే విద్యుత్ రాడ్డును, స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే నీటిని తాకాలి. దానిని పిల్లలకు అందుబాటులో ఉంచరాదు. నిప్పు లేకపోయినా గాలి అవసరమే. మూసిన గదిలో నలుగురి ఊపిరిలోని తేమ, ఇంటిలోనే ఆరవేసిన బట్టల తేమ చల్లని గోడలపై చేరి బూజుకు చోటిస్తుంది. బూజు ఉబ్బసం ఉన్నవారికి శత్రువు. పగటిపూట కొంతసేపు ఎదురెదురు కిటికీలు తెరిస్తే ఆ తేమ పోతుంది. చల్లని దేశాల శీతకాలపు ఇళ్ళను దృష్టిలో ఉంచుకొని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇంటిలోపల కనీసం 18 డిగ్రీల వెచ్చదనం ఉండాలని సూచించింది. మన ఇళ్ళలో వేడిని పుట్టించే ఏర్పాటు ఉండదు. అందువల్ల ఎండ పడే గదిని వృద్ధులకు, పసివారికి విడిచిపెట్టడం మనం చేయగలిగిన మొదటి పని.

చలికాలపు సంరక్షణకు పరాకాష్ఠ భోగి పండుగ. ఇంటిలోని పాతసామానును ఏరి, విరిగిన కట్టెను మంటలో వేసి, ఇంటిని తేలిక చేసుకోవడం ఆ నాటి ఆచారం. పూర్వం ఇంటి చెత్తలో ఉన్నవి కట్టె, తాటాకు, చీపురు, పిడక మాత్రమే. నేటి చెత్తలో ప్లాస్టిక్ ఉన్నది, రబ్బరు ఉన్నది, రంగులు పూసిన చెక్క ఉన్నది. చలికాలపు వేకువలో నేలను ఆనుకొని చల్లని గాలి, దానిపైన వెచ్చని గాలి ఉంటాయి. పైనున్న వెచ్చని గాలి మూతవలె పనిచేయడం వల్ల పొగ పైకి లేవలేక వీధిలోనే పరచుకొంటుంది. టైరు కాలిన పొగను పీల్చేది మొదట మన పసిబిడ్డలే. కాల్చదగినది ఏదో, కాల్చకూడనిది ఏదో తెలుసుకొని వేసిన మంటయే భోగి మంట. అదే రోజున ఇంటిలో పొట్టివైపోయిన స్వెట్టర్లు, మిగిలిన దుప్పట్లు బయటపడతాయి. వాటి చోటు మంట కాదు. ఆ మంటకు దూరంగా, కప్పు లేని చోట ముడుచుకొని పడుకున్న మనిషి భుజం.

ఒక మాట మిగిలి ఉన్నది. “ఇంటిని చూసి ఇల్లాలిని చూడాలి” అంటారు. ఈ మాట ఇల్లాలిని మెచ్చుకుంటున్నట్లు కనిపించినా, ఇంటి బరువునంతా ఆమె తలపైనే పెట్టింది. నాలుగు గంటలకే లేచి, చన్నీటిలో చేతులు ముంచి, వాకిలి అలికినది ఆమె. అందరికీ నీళ్ళు కాచి, తాను చల్లారిన నీళ్ళతో స్నానం ముగించినది ఆమె. ముగ్గు అందాన్ని పొగిడినవారు ఆ వేళ్ళ పగుళ్ళను చూడలేదు. ఇల్లు ఇంటిల్లిపాదిదీ అయినప్పుడు దాని సంరక్షణ కూడా ఇంటిల్లిపాదిదీ కావాలి. తూములో ఆకులు తీయడానికి, బొంత ఎండలో వేయడానికి, రాత్రి పడుకునే ముందు కుంపటి బయట ఉన్నదో లేదో, గాలిసందు తెరిచి ఉన్నదో లేదో చూడడానికి పెద్ద బలం అక్కరలేదు. పదహారేళ్ళ విద్యార్థి చాలు. నా మిత్రులు బతికినది ఒక ముసలమ్మ ఉదయాన్నే ఒక తలుపు తట్టినందువల్ల. ఆమె ఆ తలుపును రాత్రే తట్టి ఉంటే ఆ కథే ఉండేది కాదు. ఈ చలికాలంలో ఆ పనిని మీరు రాత్రే చేయండి.

కఠిన పదాలు – అర్థాలు

ఉష్ణమాపకం : వేడిని కొలిచే సాధనం
దూలం : కప్పు బరువును మోసే పెద్ద మొద్దు
వాసం : దూలం మీద ఏటవాలుగా వేసే కర్ర
పిట్టగోడ : డాబా చుట్టూ కట్టే పొట్టి గోడ
తూము : నీరు బయటికి పోయే మార్గం
వెల్ల : సున్నపు పూత
చూరు : గోడ దాటి ముందుకు వాలిన కప్పు అంచు
మండువా లోగిలి : నడుమ ఆరుబయలు వాకిలి గల ఇల్లు
గాదె : ధాన్యం నిలువచేసే కొట్టు
దాలిగుంట : పిడకల నిప్పుతో పాలు కాచే గుంట
నెరియ : సన్నని సందు
అర్ర : గది (తెలంగాణ వాడుక)
పరాకాష్ఠ : చివరి హద్దు, మిక్కిలి ఉన్నత స్థితి

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చలికాలంలో తెలుగువారి గృహసంరక్షణ పద్ధతులను, వాటి వెనుకనున్న కారణాలను వివరించండి.
2. “చలిని ఆపవచ్చు, గాలిని ఆపరాదు.” ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. వెల్ల వేయడానికి చలికాలం అనువైనది ఎందుకు?
2. చలికాలంలో ఎండ ఇంటిలోకి ఏ విధంగా ప్రవేశిస్తుంది?
3. పాత ఇంటికీ కొత్త ఇంటికీ గల భేదాన్ని రచయిత ఏ సంఘటన ద్వారా తెలియజేశాడు?
4. భోగి మంట విషయంలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

ఇ) ఏకపద / ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. హేమంతర్తువులోని మాసాలు ఏవి?
2. కళ్ళాపిని తెలంగాణలో ఏమంటారు?
3. ‘వాతాయనం’ అనగా ఏమి?
4. ‘ఋతుసంహారం’లో శిశిర వర్ణన ఎన్నవ సర్గలో ఉన్నది?

ఈ) సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. మా పెంకుటింటికి నూరు కండ్లున్నయి.
2. ముగ్గు అందాన్ని పొగిడినవారు ఆ వేళ్ళ పగుళ్ళను చూడలేదు.

ఉ) అవ్వ పలికిన మాటలను ప్రామాణిక భాషలో తిరిగి రాయండి. రెండింటిలో ఏది మీ మనసుకు ఎక్కువగా తాకినదో, ఎందుకో రెండు వాక్యాలలో తెలపండి.

భాషాంశాలు

సంధులు
హేమంతర్తువు = హేమంత + ఋతువు – గుణసంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
దక్షిణాయనం = దక్షిణ + అయనం – సవర్ణదీర్ఘసంధి
వాతాయనం = వాత + అయనం – సవర్ణదీర్ఘసంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
పెంకుటిల్లు = పెంకు + ఇల్లు – టుగాగమసంధి

సమాసాలు
గృహసంరక్షణ – గృహం యొక్క సంరక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం
తల్లీబిడ్డలు – తల్లి, బిడ్డ – ద్వంద్వ సమాసం
పాతసామాను – పాతదైన సామాను – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
నాలుగు నెలలు – నాలుగు సంఖ్య గల నెలలు – ద్విగు సమాసం

భాషాకార్యం
మీ ఇంటిలోని పెద్దలను అడిగి, వారి చిన్ననాట చలికాలంలో ఇంటికి చేసిన పనులను, వాటికి వారు వాడిన మాటలను సేకరించండి. ఆ మాటలలో నేడు మీరు వాడనివి ఏవో గుర్తించి ఒక పట్టికగా రాయండి.